సూర్యుడి మస్టర్

మా చేనులో ఫోన్ పలకదు. ఊళ్లో పంచాయతీ ఆఫీసు దగ్గర సిగ్నల్ మూడు గీతలు, మా డాబా మీద ఒక గీత, చేను గట్టు ఎక్కేసరికి అదీ ఉండదు. మూడు వైపులా ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలోంచి తవ్విపోసిన మట్టి గుట్టలు. తాడిచెట్టు మీద ఇంకో రెండు తాడిచెట్లు నిలబెట్టినంత ఎత్తుంటాయి. నాలుగో వైపు, తూర్పున, అడవి. మధ్యలో తట్ట అడుగున పడ్డట్టు మా మూడెకరాల పత్తి చేను. మా అక్క మొగుడు సదయ్య బావ ఎప్పుడు కలిసినా, "బామ్మర్దీ, నీ చేన్ల పాము కరిస్తే దవాఖానకు ఫోన్ చెయ్యనీకి పంచాయతీ ఆఫీసు దాక ఉరకాలె గదా!" అని నవ్వేవాడు. అమ్ముతానన్నా ఆ చేనును ఎవరూ కొనరని ఆయన నమ్మకం. నాకూ అదే నమ్మకం, కాని ఆయన ముందు ఒప్పుకునేవాణ్ని కాదు.

ఆ ఫిబ్రవరిలో నేను రిటైరయ్యాను. ముప్పై నాలుగేళ్ల సర్వీసు, అందులో ఇరవై రెండేళ్లు సర్దారుగా. సర్దారంటే పనివాళ్లందరికంటే ముందు భూగర్భంలోకి పోయి, కర్రతో పైకప్పు కొట్టి ఆ చప్పుడు విని, గ్యాసు ఉందో లేదో చూసి, పని మొదలుపెట్టవచ్చా లేదా చెప్పే మనిషి. చెప్పడమే కాదు, చూసిందంతా పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. నేను కొట్టి చూడని కప్పును బాగుందని ఒక్క రోజు కూడా రాయలేదు. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు, చెప్పకుండా ఉండటమే నాకు కష్టం.

సన్మానం రోజు తోటివాళ్లు శాలువా కప్పి, చేతికి కొత్త వాచీ పెట్టారు. నేను ఆ కుర్చీలో కూర్చునే దాని ముల్లు పది నిమిషాలు ముందుకు తిప్పుకున్నాను. అలవాటు. మేమున్న క్వార్టర్ల లైన్లో ఏ ఇంటి గడియారమైనా పది నిమిషాలు ముందే ఉండేది. మస్టర్ అంటే హాజరు. పొద్దున గని ఆఫీసులో హాజరు వేసే కిటికీ ముందు సమయానికి నిలబడకపోతే ఆ రోజుకు వెనక్కి తిరగాల్సిందే. అందుకని పెళ్లైన కొత్తలో గోడ గడియారం కొన్నప్పుడు మేకు కొట్టకముందే దాన్ని ముందుకు తిప్పాను. క్వార్టర్ ఖాళీ చేసి ఊళ్లో ఇంటికి వచ్చేటప్పుడు నా భార్య పూలమ్మ ట్రాక్టరులో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

రిటైరైన వారానికే నాకు పిచ్చెక్కినంత పనైంది. తెల్లవారుజామున నాలుగింటికి మెలకువ వచ్చేది, పోవడానికి చోటుండేది కాదు. పూలమ్మ వంటింట్లో డబ్బాలన్నీ నేను వరసగా సర్దితే, ఆమె తిరిగి చెదరగొట్టింది.

అప్పుడు హైదరాబాదు నుంచి మా బిడ్డ దీప ఫోన్ చేసింది. యూనివర్సిటీలో ఫిజిక్సులో పరిశోధన చేస్తోంది, మూడో సంవత్సరం.

"బాపు, మన చేన్ల ఇప్పటికి గూడ ఫోన్ పని చేస్తలేదా?"

"ఎక్కడిది బిడ్డా. చెయ్యదు."

"అసలే చెయ్యదా?"

"అసలే."

అవతల ఆమె నవ్విన నవ్వు వింటే, ఉద్యోగం వచ్చిందని చెప్పినా అంత నవ్వదు అనిపించింది.

వారం తిరగకుండా జీపులో ముగ్గురు దిగారు. దీప, ఆమెతో పాటు చదివే ఉపేందర్, వాళ్ల ప్రొఫెసర్ వామనరావు సారు. ఆయనది మంథని. తెల్ల చొక్కా, కాళ్లకు చెప్పులు, మాట మెల్లగా. ఉపేందర్ చేతిలో చిన్న కడ్డీ బిగించిన ఒక పెట్టె, దాని తెర మీద పచ్చటి గీత. గని కార్మికుల కాలనీ రోడ్డు మీద ఆ గీత చిక్కటి గడ్డిలా ఎగుడుదిగుడుగా ఉంది. ఊళ్లోకి వచ్చేసరికి పలచబడింది. చేను మధ్యలో నిలబడేసరికి నేల మీద పరిచినట్టు పడుకుంది.

వామనరావు సారు కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. "ఏమీ లేదు!" అన్నారు. తర్వాత గట్టిగా, "దీపా, ఇక్కడ ఏమీ లేదమ్మా!" అన్నారు.

మా చేనులో ఏమీ లేదని ఒక పెద్దమనిషి అంత సంతోషపడటం నాకు నచ్చలేదు. "పత్తి ఏసుకుంటం సార్," అన్నాను.

దీప నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయింది. సూర్యుడి నుంచి వెలుగూ వేడీ వచ్చినట్టే రేడియో అలలు కూడా వస్తాయట. సూర్యుడి మీద పేలుడు జరిగితే అవి ఒక్కసారిగా లేస్తాయట. పెద్ద పేలుళ్లను ఎక్కడివాళ్లైనా పట్టుకుంటారు. చిన్నవి మాత్రం మన ఫోన్లు, ఎఫ్ఎం స్టేషన్లు, టవర్లు చేసే గోలలో కలిసిపోతాయి.

"సమ్మక్క జాతరల నీ చెవుల గుసగుస చెప్తే వినవడతదా బాపు? గట్లనే. మాకు సప్పుడు లేని జాగ కావాలె. మట్టి గుట్టలు మూడు దిక్కుల సప్పుడును ఆపుతున్నయి. ఏడాది సంది వెతుకుతున్నం. మన చేనే అన్నిటికన్న మంచిగున్నది."

"అయితే ఏమైతది?"

"ఈ ఎండాకాలం ఇక్కడ పెట్టి చూస్తం. వానలు పడేలోపల మంచివి దొరికితే మిషన్ ఇక్కడ్నే ఉంటది, నా థీసిస్ ఇక్కడి మీదనే. దొరకకపోతే అంత విప్పుకొని వేరే రాష్ట్రం పోతరు. నేను మళ్ల మొదటి నుంచి మొదలు వెట్టాలె."

మార్చి ఇరవైకల్లా యాంటెన్నా నిలబడింది. పాతకాలం టీవీ యాంటెన్నాకు తాతలాంటిది, కడ్డీలన్నీ ఆకాశం వైపు. కరెంటు తీగల వల్ల కూడా గోల పుడుతుందట, అందుకని అంతా బ్యాటరీల మీదే. టార్పాలిన్ కప్పిన చిన్న గుడిసెలో యంత్రం, కంప్యూటరు. యంత్రం ఉపగ్రహాల నుంచి తన సమయం తాను తీసుకుంటుంది, దానికి మన గడియారాలతో పని లేదు.

ఇక్కడ నాకు పని దొరికింది. గని పేలుళ్లు, మేం షాట్ అంటాం, రోజూ మధ్యాహ్నం జరుగుతాయి. ఒక రోజు రెండింటికి, ఒక రోజు మూడు దాటాక. షాట్ కొడితే నేల అదిరి కేబుళ్లు కదులుతాయి, తెర మీద దొంగ గీతలు పడతాయి. ఏ రోజు ఏ నిమిషానికి కొట్టారో చేనులో కూర్చుని ఎవరో ఒకరు రాయాలి. దీప సంచిలోంచి అట్టపెట్టిన పెద్ద పుస్తకం తీసి నా చేతిలో పెట్టింది.

"సర్దారు రిపోర్టు రాసినట్టే బాపు."

"ఏమేం రాయాలె సార్?" అని అడిగాను.

"మిషన్ ఆన్ చేసిన టైము, షాట్ టైము, దగ్గరలో బండి వచ్చినా, ఉరుము ఉరిమినా ఆ టైము," అన్నారు వామనరావు సారు. "ఇంకో నియమం ఉన్నది నర్సింగం గారు. తెర మీద గీతలు వెతికే దీప ఈ పుస్తకం చూడదు. పుస్తకం రాసే మీరు ఆ గీతలు చూడరు. చివరికి రెంటినీ పక్కపక్కన పెట్టి చూసేది నేను."

"ఎందుకు సార్?"

"చూస్తే మనసు లొంగుతది. షాట్ ఇప్పుడు కొట్టిన్రని తెలిస్తే ఒక తీరుగ చూస్తం, తెలువకపోతే ఒక తీరుగ చూస్తం."

ఆ మాటతో ఆయన మీద నాకు గౌరవం పుట్టింది. గనిలో కూడా నేను చూసిన చోటును పై అధికారి మళ్లీ వేరేగా చూసి రాసేవాడు. నన్ను నమ్మక కాదు, పద్ధతి అది.

రోజూ పొద్దున ఇంటి గడియారం చూసి బయలుదేరేవాణ్ని. మిషన్ ఆన్ చేసి మొదటి వరుస రాసేవాణ్ని: తేదీ, మిషన్ చాలు చేసిన సమయం, ఆకాశం ఎట్లా ఉంది. నాలుగున్నర దాటి సూర్యుడు పడమటి గుట్ట వెనక్కి పోయాక ఆఖరి వరుస, కింద సంతకం. ఏప్రిల్ వచ్చేసరికి మా గుట్టల మధ్య ఎండ నలభై నాలుగు దాటింది. యంత్రానికి తడి గోనెపట్టాలు కప్పాం, నాకు నేను తడి తువ్వాల చుట్టుకున్నాను.

పూలమ్మ పదకొండింటికి జొన్న గట్క, తాగడానికి సల్ల తెచ్చేది. గుడిసె నీడన కూర్చుని యాంటెన్నా వైపు, నా వైపు మార్చి మార్చి చూసి ఒకరోజు అంది: "ముప్పై నాలుగేండ్లు ఎండ మొకం జూడకుంట భూమి లోపట వని చేసినవ్. ఇప్పుడు సూర్యునికే మస్టర్ ఏస్తున్నవా?"

ఆ మాట ఊళ్లోకి ఎట్లా పోయిందో పోయింది. హోటల్ దగ్గర సదయ్య బావ, "సూర్యుడు ఇయ్యాల డ్యూటీకి వచ్చిండా సర్దారూ? ఆబ్సెంటు గిట్ల ఏసినవా?" అని కేకేసేవాడు. నేను కోపం నటించేవాణ్ని. లోపల మాత్రం బాగుండేది. రిటైరైనవాణ్ని మళ్లీ సర్దారూ అని పిలుస్తున్నారు.

ఏప్రిల్ నడిమధ్య ఒక మధ్యాహ్నం దీప, ఉపేందర్ చేనులోనే తెర ముందు కూర్చున్నారు. హఠాత్తుగా దీప ఎగిరి గంతేసి, "వచ్చింది! బాపు, వచ్చింది!" అని అరిచింది. అదే క్షణంలో నేల మా కాళ్ల కింద కదిలింది, గుట్ట వెనక దుమ్ము లేచింది. ఆమెకు పడ్డ గీత సూర్యుడిది కాదు, షాట్‌ది. ఉపేందర్ నవ్వాడు, నాకూ నవ్వొచ్చింది. దీప నవ్వలేదు. సాయంత్రం సారుతో మాట్లాడి, ఆయన పెట్టిన కొత్త నియమం మాకు చెప్పింది. షాట్‌కు ఐదు నిమిషాలు ముందు, ఐదు నిమిషాలు వెనక పడ్డది ఎంత బాగున్నా కొట్టివేయాలి. మినహాయింపు లేదు.

"మంచి రూలే," అన్నాను.

"మంచిదే బాపు. ఇగ అంత నీ పుస్తకం మీదనే ఉన్నది," అంది దీప.

మర్నాటి నుంచి సంతకం పెట్టేటప్పుడు అక్షరాలు ఇంకా గుండ్రంగా రాశాను.

మే మూడో వారంలో ఒకరోజు ఆమె, ఉపేందర్ బ్యాటరీలు చార్జింగుకు పెట్టడానికి ఊళ్లో ఉండిపోయారు. చేనులో నేనొక్కణ్నే. మామూలు రోజే. షాట్ కొట్టారు, రాశాను. సాయంత్రం ఇంట్లో దీప ఆ రోజు రికార్డు తెరిచి చూసింది. చూసి అరవలేదు, గంతేయలేదు. చాలాసేపు అట్లాగే చూసి, లేచి మొహం కడుక్కుని వచ్చి మళ్లీ చూసింది.

నియమం ప్రకారం నేను చూడకూడదు. అటు తిరిగి కూర్చున్నాను. పూలమ్మ చూసి నాకు చెప్పింది: "వాన జల్లు తీరుగ సన్నసన్న గీతలున్నయి. పక్కపక్కనే, మస్తుగున్నయి."

దీప తల్లి భుజం మీద తల పెట్టి అంది, "అవ్వా, ఇంత సన్నటియి ఎవ్వరికి పడలే. మిగతా దేశాలోళ్లకు గూడ పడలే. సూర్యుని దిక్కే చూసే ఉపగ్రహం మాత్రం అదే నిమిషానికి ఆడ చిన్న మెరుపు చూసింది."

రెండు రోజులు మా ఇల్లు పెళ్లిల్లులా ఉంది. హైదరాబాదు నుంచి వామనరావు సారు ఫోన్ చేసి ఎంత మెచ్చుకున్నారో దీప చెప్పలేదు, ఆమె మొహం చెప్పింది. అన్నీ వదిలి నేను డాబా మీద ఉన్న ఆ ఒక్క గీత సిగ్నల్‌తోనే బంధువులందరికీ ఫోన్లు చేశాను. ఏం దొరికిందని వాళ్లడిగితే సరిగ్గా చెప్పలేకపోయాను. "మా బిడ్డకు దొరికింది, ఇంకెవ్వనికి దొరకలే," అన్నాను. అది చాలనిపించింది.

జూన్ ఎనిమిదిన వామనరావు సారు లెక్క తేల్చడానికి వచ్చారు. ఆకాశం అప్పటికే నల్లబడుతూ ఉంది. యాంటెన్నా పక్కన గుడిసె నీడన చాప పరిచాం. ఒక పక్క దీప పట్టిన గీతల జాబితా, ఒక పక్క నా పుస్తకం. ఆయన ఒక్కొక్కటే వేలుతో చూసుకుంటూ పోయారు. కొన్ని నిలిచాయి, కొన్ని పోయాయి. మే నెల పేజీ తిప్పి ఆగారు.

"దీపా, నీ సన్న గీతలు ఎన్నింటికి?"

"మూడూ పదమూడుకు సార్."

ఆయన నా పుస్తకం ఆమె వైపు తిప్పారు. నా గుండ్రటి అక్షరాలు: షాట్, 3:12.

ఉపేందర్ గొంతు సవరించుకున్నాడు. "సార్, ఉపగ్రహం గూడ చూసింది కదా..."

"చూసింది. అయినా రూలు రూలే. మనకు తప్ప ఇంకెవరికీ పడని గీతలు, అవి కూడా షాట్ కొట్టిన నిమిషానికే. బయటోళ్లు మొట్టమొదట ఇదే అడుగుతరు." సారు దీప వైపు తిరిగారు. "షాట్ టైములో ఏమన్న పొరపాటు ఉండొచ్చా?"

నా బిడ్డ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఉండదు సార్. బాపు రాసిండంటే రాసిందే. చూడనిది బాపు రాయడు."

జాబితాలో ఆ వరుసను తన చేత్తోనే అడ్డంగా కొట్టేసింది. మూడు నెలల ఎండ, మూడేళ్ల చదువు ఆ గీత కింద పోయాయి. నాకు గర్వం, దుఃఖం ఒకేసారి కలిగాయి. నా మాట మీద అంత నమ్మకం పెట్టుకున్న బిడ్డను చూసి గర్వం. ఆ నమ్మకమే ఆమెను ముంచిందని దుఃఖం.

ఆ వరుస పోయాక మిగిలినవి ఏ చోటైనా దొరికే పెద్ద గీతలే. వానలు ముదరకముందే యంత్రం విప్పించాలని సారు మెల్లగా అన్నారు. పుస్తకం మూసి, "నా రైలు ఆరింటికి. టైమెంతైంది?" అన్నారు.

నేను చెయ్యి ఎత్తి చూశాను. "ఐదు సార్."

ఉపేందర్ ఫోన్ చూశాడు. "ఇంకా నాలుగూ యాభయ్యే సార్. నిమ్మలంగ పోవచ్చు."

వాళ్లు లేచి వైర్లు చుట్టడం మొదలుపెట్టారు. నేను లేవలేదు. చేతి వాచీ వైపు చూస్తూ కూర్చున్నాను.

నోరు మూసుకుంటే నా పుస్తకానికి మచ్చ రాదు. నోరు తెరిస్తే మిషన్ నడిచిన డెబ్బై ఆరు రోజులూ ప్రతి వరుసా తప్పే రాశానని నేనే చెప్పుకోవాలి. పైగా కూతురి కోసం మాట మారుస్తున్నాడని అనుకుంటారు. నేనైనా అదే అనుకునేవాణ్ని. అయినా తప్పని తెలిశాక దాని కింద నా సంతకం ఉండనిచ్చేది ఎట్లా?

"సార్," అన్నాను. "ఆ మూడూ పన్నెండు తప్పు."

అందరూ ఆగారు.

"షాట్ మూడూ రెండుకు కొట్టిన్రు. నా వాచీ పది నిమిషాలు ముందున్నది. నేనే ముందుకు పెట్టుకున్న. మస్టర్ అలవాటు సార్, సోయి లేదు. అన్ని దినాలు గట్లనే రాసిన."

ఉపేందర్ నేల వైపు చూశాడు. దీప నన్నే చూస్తోంది. వామనరావు సారు తిరిగి వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు.

"నర్సింగం గారు, మీరు అబద్ధం చెప్తున్నరని నేను అనను. కాని రాసిన పుస్తకం ఒకటున్నది, ఇప్పుడు చెప్పిన మాట ఒకటున్నది. బయటోళ్లకు నేను ఏది చూపెట్టాలె?"

"పుస్తకమే సార్. నేను మీ జాగల ఉన్నా మాట ఒప్పుకోను, పుస్తకమే అంటా." నా గొంతు నాకే గట్టిగా వినపడింది. "కప్పు మీద అనుమానమొస్తె సర్దారు ఇంకొకసారి కొట్టి చూస్తడు సార్. ఈ పుస్తకాన్ని గూడ కొట్టి చూడుండ్రి. పొద్దుగాల మిషన్ చాలు చేసిన టైము రోజు మొదటి లైన్ల రాసిన. మిషన్ ఎన్నింటికి చాలైందో మిషన్ల గూడ ఉంటదా?"

దీప లేచి నిలబడింది. "ఉంటది బాపు," అంది. "సెకండుతోని సహా ఉంటది."

కంప్యూటరు మళ్లీ తెరిచారు. నేను పుస్తకం మొదటి పేజీ తీశాను. నా తప్పులు నేనే చదవాలి. "మార్చి ఇరవై. ఆరూ ముప్పై ఒకటి."

"మిషన్ల ఆరూ ఇరవై ఒకటి," అంది దీప.

"మార్చి ఇరవై ఒకటి. ఆరూ ఇరవై ఎనిమిది."

"ఆరూ పద్దెనిమిది."

"ఇరవై రెండు. ఆరూ ముప్పై."

"ఆరూ ఇరవై."

ఒక్కో తేదీ చదువుతుంటే మొదట్లో ఒంట్లో నెత్తురంతా మొహంలోకి వచ్చినట్టుంది. ఉపేందర్ కాగితం మీద చుక్కలు పెడుతున్నాడు. ఏప్రిల్ నడిమధ్యకు వచ్చేసరికి అతను తల ఎత్తి సారు వైపు చూశాడు. సారు రైలు సంగతి మరిచిపోయారు. మే నెల వచ్చేసరికి నా గొంతు దానంతటదే సర్దుకుంది. గని లోపల పేర్లు పిలిచి హాజరు తీసుకున్నట్టు చదివాను. ఒక రోజు తేడా తొమ్మిది నిమిషాలు వచ్చింది, మూడు రోజులు పదకొండు. మిగతావన్నీ పది.

అంతలో పూలమ్మ చాయ్ ఫ్లాస్కుతో వచ్చింది. ఏం జరుగుతోందో విని నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "గోడ గడియారం గూడ గంతనే గదా. మన లైన్ల అందరిండ్లల్ల గంతనే ఉండె. గీ ముచ్చటకు గింత పంచాయితీనా? నన్నడిగితె చెప్పకపోదునా!"

దీప పగలబడి నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "నేను గా ఇంట్ల పుట్టి పెరిగి మరిచిపోయిన అవ్వా. హాస్టల్ల ఫోన్ టైముకు అలవాటు పడ్డ."

ఉపేందర్ కాగితం మధ్యలో పెట్టాడు. డెబ్బై ఆరు చుక్కలు. నాకు గ్రాఫులు తెలియవు, కాని తాడు పట్టి కొట్టిన గీత ఎట్లా ఉంటుందో తెలుసు. అట్లా ఉంది.

వామనరావు సారు ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. "రోజుకొక తీరుగ తప్పు రాసి ఉంటే ఈ పుస్తకం పారేసేవాణ్ని," అన్నారు. "డెబ్బై ఆరు రోజులు ఒకటే తేడా. ఇది తప్పు కాదు నర్సింగం గారు. పది తీసేస్తే ఇంతకన్న నమ్మకమైన పుస్తకం నా సర్వీసులో నేను చూడలేదు."

చాయ్ తాగాను.

పది తీసేసి మళ్లీ మొదటి నుంచి లెక్క చూశారు. షాట్ మూడూ రెండుకు, సన్న గీతలు మూడూ పదమూడుకు. పదకొండు నిమిషాల ఎడం. అవి నిలిచాయి. ఏప్రిల్‌లో కొట్టేసిన ఇంకొకటి తిరిగి వచ్చింది. కాని అంతకు ముందు నిలిచిన రెండు ఇప్పుడు షాట్ నీడలో పడ్డాయి. అందులో ఒకటి దీపకు చాలా ఇష్టమైనదట. ఎవరూ చెప్పకముందే ఆమె పెన్ను తీసుకుని ఆ రెంటినీ కొట్టేసింది. ఆ రోజు మొత్తంలో నా ఛాతీ ఎక్కువగా పొంగింది అప్పుడే.

సారు మరుసటి రోజు పొద్దున రైలుకు పోయారు. పోయేముందు చేను గట్టు మీద నిలబడి, యంత్రం ఉంటుందని, నేను పుస్తకం రాస్తూ ఉండాలని అడిగారు. పత్తి పెడుతున్నాం కదా అంటే, యాంటెన్నా చుట్టూ పది గుంటలు వదలగలరా అన్నారు. ఇరవై వదులుతానన్నాను. సదయ్య బావ గట్టు అవతల నుంచి విన్నాడు. "బామ్మర్దీ, నా చేను గూడ ఊకెనే పడి ఉన్నది, సిగ్నల్ గూడ అంత మంచిగ రాదు. సారుకు జర చెప్పరాదు," అన్నాడు. ఇన్నేళ్లలో ఆయన నన్నడిగిన మొదటి సహాయం అది.

ఆ సాయంత్రమే స్టూలు వేసుకుని ఎక్కి గోడ గడియారం దించబోయాను. చేతి వాచీ అప్పటికే సరిచేశాను. ఇది కూడా సరిచేస్తే ఆ ముచ్చట ముగుస్తుందనుకున్నాను. ఇంట్లో ఒక తప్పుడు గడియారం పెట్టుకుని ఇంకెన్నాళ్లు?

దీప వంటింట్లోంచి చూసి పరుగున వచ్చింది. "ఏం జేస్తున్నవ్ బాపు?"

"సరి జేస్తున్న."

"దిగు. దాన్ని ముట్టకు."

"తప్పు టైము బిడ్డా..."

"తప్పెట్లైతది? గా పది నిమిషాలు ఇగ నా థీసిస్‌ల ఉంటయి. పేజీ తోని, గ్రాఫు తోని, నీ పేరు తోని ఉంటయి. రేపు ఎవరన్న వచ్చి ఏ గడియారం అని అడిగితే నేను గోడకు ఏం చూపెట్టాలె?"

పూలమ్మ గుమ్మంలో నిలబడి నవ్వుతోంది. నేను గడియారాన్ని మళ్లీ మేకుకు తగిలించి, అంచు మీది దుమ్ము తువ్వాలతో తుడిచి దిగాను.

మర్నాడు పొద్దున దాన్ని చూసుకునే బయలుదేరాను. రాత్రి వాన పడి గుట్టలు కడిగినట్టున్నాయి. యాంటెన్నా కింద నిలబడి, అడవి వైపు చూస్తూ కాసేపు ఆగాల్సి వచ్చింది. పది నిమిషాలు ముందు వచ్చాను కదా. తర్వాత చెట్ల మీదుగా ఎర్రగా ఆయన లేచాడు. పుస్తకం తెరిచి, తేదీ వేసి, ఆకాశం తేటగా ఉందని రాసి, దాని పక్కన ఆ రోజు మొదటిసారి ఇంకో మాట కూడా రాశాను: సూర్యుడు హాజరు. కింద సంతకం పెట్టాను.